పోస్టుమార్టం రిపోర్టులో "ఉండొచ్చు" అనే మాట ఎక్కడ పోతుంది

పోయిన నెల ఒక ఫ్రెండ్ రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది, వాళ్ల బంధువుల కేసులో పోస్టుమార్టం రిపోర్ట్ చేతికొచ్చింది, కాస్త చదివి చెప్పవా అని. నేను డాక్టర్ని కాదు, లాయర్ని కూడా కాదు, కానీ కొన్నేళ్లుగా తీర్పులు చదివే అలవాటుందని తనకి తెలుసు. ఆరు పేజీలు పంపింది. తను చదివింది మాత్రం చివరి లైన్ ఒక్కటే, మరణానికి కారణం అని రాస్తారు కదా, అది. అది చదివి ఏడ్చేసి ఇంక మిగతాది చూడలేదంట.

ఆ రాత్రి తనకి ఫోన్లో చెప్పినవే ఇక్కడ రాస్తున్నా.

ఆ రిపోర్టులో రెండు రకాల విషయాలుంటాయి. ఒకటి డాక్టర్ కళ్లారా చూసింది, గాయం ఎక్కడుంది, ఎన్ని సెంటీమీటర్లు, ఏ రంగు, ఊపిరితిత్తుల బరువెంత, కడుపులో ఏముంది. రెండోది ఆ చూసినదాన్నిబట్టి ఆయన అనుకున్నది. మెడ మీద మచ్చ ఉంది అనేది చూసింది, గొంతు నులిమారు అనేది అనుకున్నది. చూసినదాన్ని ఫోటోతో ఇంకొకళ్లు సరిచూడొచ్చు, అనుకున్నది తప్పయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. బోనులో నిలబడ్డ డాక్టర్ నోటి నుంచి మాత్రం రెండూ ఒకే గొంతుతో వస్తాయి, వినేవాళ్లకి తేడా తెలీదు.

డాక్టర్ "ఈ గాయం ఈ కర్రతో తగిలి ఉండొచ్చు" అంటాడు. అంటే ఆ కర్ర కాదని చెప్పలేను అని మాత్రమే, గోడకి గుద్దుకున్నా అలాంటి గాయమే కావచ్చు. పోలీసు కాగితాల్లోకి వచ్చేసరికి అది "కర్రతో తగిలిన గాయం" అవుతుంది, పేపర్లో "కర్రతో కొట్టి చంపారు" అవుతుంది, ఆ "ఉండొచ్చు" ఎక్కడ జారిపోయిందో ఎవరికీ గుర్తుండదు.

స్టీవెన్ ట్రస్కాట్ కేసు చదివినప్పటి నుంచి నాకు ఈ మాట మీద పట్టుదల ఎక్కువైంది. కెనడాలో ఒంటారియో, 1959. పన్నెండేళ్ల పాప హత్య, పద్నాలుగేళ్ల కుర్రాడి మీద కేసు. ఆ పాప సాయంత్రం పావుతక్కువ ఆరుకి తిన్న భోజనం కడుపులో ఎంత మిగిలిందో చూసి డాక్టర్ చనిపోయిన టైమ్ చెప్పాడు, ఏడుకీ ఏడూ ముప్పావుకీ మధ్య అని. నలభై ఐదు నిమిషాలు! సరిగ్గా ఆ టైమ్‌లోనే కుర్రాడు పాపని సైకిల్ మీద ఎక్కించుకెళ్లడం జనం చూశారు, ఇంకేముంది, ఉరిశిక్ష వేసేశారు. తర్వాత యావజ్జీవానికి మార్చారు, 1969లో పెరోల్ మీద బయటికొచ్చాడు, కోర్టు ఆ పాత తీర్పు కొట్టేసి నిర్దోషిగా ప్రకటించింది మాత్రం 2007లో. భయపడితే అరుగుదల నెమ్మదిస్తుంది, మనిషిని బట్టి మారుతుంది, తిన్నదాన్ని బట్టి మారుతుంది, దాన్ని గడియారంలా వాడకూడదని తర్వాత నిపుణులు వచ్చి చెప్పారు. ఇంకా బాధ కలిగించేది ఏంటంటే, అంత కచ్చితంగా చెప్పలేమని 1966లోనే ఆ మొదటి డాక్టరే తన అభిప్రాయం మార్చుకున్నాడు, అయినా ఆ కాగితాలు డిఫెన్స్ వాళ్ల చేతికి అందలేదు.

అదే ఒంటారియోలో చార్లెస్ స్మిత్ అనే పిల్లల పాథాలజిస్టు, అంటే చనిపోయిన పిల్లలకి పోస్టుమార్టం చేసే డాక్టర్, ఉండేవాడు. చనిపోయిన ఏడేళ్ల పాప ఒంటి మీద గాయాలు చూసి ఆయుధంతో పొడిచినవి అన్నాడు, కన్నతల్లి మీద హత్య కేసు పడింది. అవి కుక్క కరిచిన గాయాలని తర్వాత వేరే నిపుణులు తేల్చాక కేసు ఎత్తేశారు. ఆయన చూసిన పిల్లల కేసులు 45 మళ్లీ పరిశీలిస్తే 20లో తప్పులు దొరికాయి. ఈ తప్పుల మీద విచారణ చేసిన గూడ్జ్ కమిషన్ 2008లో ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం ఆయనకి ఫోరెన్సిక్‌లో సరైన ట్రైనింగే లేదు. డాక్టర్ అంటే అన్నీ తెలుసు అనుకుంటాం గానీ పిల్లల జబ్బులు తెలిసినవాళ్లందరికీ గాయాల లెక్క తెలీదు, అదొక వేరే చదువు. ఆ చదువు మీకుందా అని ఆయన్ని ఎన్నాళ్లో ఎవరూ అడగలేదు.

చూసినదాన్ని భద్రపరచకపోతే ఏమవుతుందో లండన్ కేసు చెప్తుంది. 2009 జీ20 నిరసనలప్పుడు ఇయాన్ టామ్లిన్సన్ అనే పేపర్లు అమ్ముకునే ఆయన్ని పోలీసు తోస్తే కింద పడ్డాడు, కాసేపటికి చనిపోయాడు. మొదటి పోస్టుమార్టంలో గుండె జబ్బు అన్నారు. రెండోసారి చేసినాయన పొట్టలో రక్తస్రావం అన్నాడు. మొదటి డాక్టర్ పొట్టలో దాదాపు మూడు లీటర్ల ద్రవం చూశాడు, కానీ శాంపిల్ తీయకుండా పారబోశాడు. అది రక్తమా, రక్తం కలిసిన నీరా అనేదే అసలు ప్రశ్న అయినప్పుడు పరీక్షించడానికి ఏదీ మిగల్లేదు. 2010లో ప్రాసిక్యూటర్లు డాక్టర్ల మాటలు కలవట్లేదని కేసే వద్దన్నారు, 2011లో ఇంక్వెస్ట్ (చావు ఎలా జరిగిందో తేల్చే విచారణ) జ్యూరీ చట్టవిరుద్ధంగా చంపారని చెప్పాక కేసు పెట్టారు, 2012లో ఆ పోలీసు నిర్దోషిగా బయటికొచ్చాడు.

ఇంకొకటి, రిపోర్ట్ రాసిన డాక్టరే కోర్టుకి రావాలా అని. రావాలనే నేనంటాను, కాగితాన్ని క్రాస్ ఎగ్జామిన్ చేయలేం. అమెరికా సుప్రీంకోర్టు 2009లో ఒక డ్రగ్స్ కేసులో ల్యాబ్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, పరీక్ష చేసిన మనిషి వచ్చి చెప్పాలి అంది, అది పోస్టుమార్టం రిపోర్టులకి వర్తిస్తుందా అంటే మాత్రం అక్కడి కోర్టులు రెండుగా చీలాయి.

ఆ రాత్రి ఫ్రెండ్‌కి మొత్తం ఆరు పేజీలూ చదివి వినిపించా, గాయాల పట్టిక దగ్గర ఆగి ఆగి. చివరి లైన్‌లో డాక్టర్ రాసింది కూడా "అయి ఉండవచ్చు" అనే, తను ఏడుపులో ఆ రెండు మాటలు చూడలేదు. లాయర్‌ని అడగమని మూడు చెప్పా, ఫోటోలు ఉన్నాయా, మైక్రోస్కోప్ స్లైడ్‌లూ శాంపిళ్లూ ఎక్కడ దాచారు, డాక్టర్ ఆ రోజు చేత్తో రాసుకున్న నోట్స్ ఇస్తారా అని. ఫోటోలు ఉన్నాయంట. మిగతావాటి కోసం అడిగారు, ఇంకా జవాబు రాలేదు.