వదిలేసిన చుక్కలు

రాత్రి పదకొండు దాటింది. పడుకుందామంటే రెండు వేల రూపాయలు కళ్ళముందు తిరుగుతున్నాయి. స్కూటీ కడిగించుకొస్తానని పొద్దున్నే రింగురోడ్డు వైపు వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి దానికి ‘గ్రాఫీన్ కోటింగ్’ వేయించుకొచ్చారు. తొమ్మిదేళ్ళ స్కూటీకి! బ్రేకు అరుస్తోందని నెలరోజులుగా నేను మొత్తుకుంటున్న సంగతి అక్కడ గుర్తే రాలేదుట.

“ఉక్కు కంటే గట్టిదిట, దానికి నోబెల్ కూడా వచ్చిందిట” అన్నారు. వచ్చింది, 2010లో. మాంచెస్టర్‌లో గైమ్, నోవోసెలోవ్ అనే ఇద్దరు గ్రాఫైట్ ముక్కకి టేపు అంటించి, పీకి, పీకిన పొరని మళ్ళీ మళ్ళీ పీకి, చివరికి ఒక్క పరమాణువు మందం దాకా వచ్చారు. 2004 నాటి మాట. ఆ నోబెల్‌ని మా స్కూటీ మడ్‌గార్డు మీద చూపిస్తానంటే నాకు ఒళ్ళు మండదూ?

చిన్నది ఊరుకుంటుందా, “గ్రాఫీన్ అంటే ఏంటమ్మా” అని పట్టుకుంది. నీ పెన్సిల్లో ఉందే అన్నాను. పెన్సిల్ ములుకులో గ్రాఫైట్‌కి బంకమన్ను కలుపుతారు. గ్రాఫైట్ అంటే పొర మీద పొర, మిల్లీమీటరు మందంలో దాదాపు 30 లక్షల పొరలు. పొరకీ పొరకీ పట్టు తక్కువ కాబట్టే రాస్తుంటే జారి కాగితానికి అంటుకుంటాయి. అందులో ఒక్క పొర గ్రాఫీన్.

దానికి అర్థమయ్యేలా ముగ్గు వేశాను. ఏడు చుక్కలు, సందుచుక్క, నాలుగు వచ్చేవరకు. మొత్తం ముప్ఫై ఏడు. ఆరు మూలల చుక్కలూ వదిలేసి, మిగతావి తేనెపట్టు గదుల్లా కలిపితే ఏడు గదులొస్తాయి. గదుల మధ్య చుక్కలు ఏడూ ఖాళీ. గీతల్లో పడ్డ ఇరవై నాలుగూ కార్బన్లు. అంచున, పక్క పరమాణువుని పట్టుకునే చేయి ఖాళీగా ఉన్న పన్నెండింటికీ తలో హైడ్రోజన్ తగిలిస్తే కొరోనీన్ అనే నిజమైన పదార్థం. అంచే లేకుండా ముగ్గుని పరుచుకుంటూ పోతే గ్రాఫీన్. కార్బన్‌కి చేతులు నాలుగు. మూడు పక్కవాళ్ళని పట్టుకుంటాయి. నాలుగోదాని ఎలక్ట్రాన్ ఒకచోట ఉండకుండా పొరంతా తిరుగుతుంది. కరెంటు పారేది అందుకే.

ఆ ఖాళీ చుక్కల దగ్గరే మామ్మ గుర్తొచ్చింది. గజపతినగరం దగ్గర ఊళ్ళో, నెల పట్టాక, చీకటితో లేచి కళ్ళాపి చల్లి వేసిన ముగ్గు. నాకు పదేళ్ళుంటాయేమో. అచ్చం ఇలాగే గదులు గీసి మధ్య చుక్కలు వదిలేశాను. గీత వంకర పోలేదు, పిండి ఎక్కడా ముద్ద పడలేదు. ఎదురింటివాళ్ళు కూడా బాగుందన్నారు. మామ్మ వచ్చి, “ఏటే గుంటా, సుక్కలు ఒగ్గీసినావు?” అని చీపురు తీసుకుని మొత్తం చెరిపేసింది. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే మళ్ళీ వేయించింది. ఆ రోజంతా ఆవిడతో మాట్లాడలేదు. మధ్యాహ్నం తనే గుమ్మడిపువ్వు తెచ్చి నా గొబ్బెమ్మ మీద గుచ్చినా చూడనట్టు కూర్చున్నాను. ఇన్నేళ్ళకి నేను గెలిచాననిపించింది. మధ్యలో ఏమీ ఉండదు మామ్మా, కార్బన్‌ని అడుగు!

ఆయన సీసా కూడా తెచ్చారు, మిగిలింది ఇచ్చాడుట. నీళ్ళతో చేసినదని రాసుంది. ఉత్త గ్రాఫీన్ నీళ్ళలో కలవదు, ముద్దకడుతుంది. ఉంటే గింటే గ్రాఫీన్ ఆక్సైడ్ ఉండుండాలి. కొన్ని కార్బన్ల నాలుగో చేతిని ఆక్సిజన్ పట్టేసుకుంటే అక్కడ పొర ఎగుడుదిగుడవుతుంది, ఎలక్ట్రాన్ల తిరుగుళ్ళకి అడ్డం పడుతుంది. కానీ నీళ్ళతో కలుస్తుంది. అన్ని కార్బన్లకీ హైడ్రోజన్ పట్టుకుంటే గ్రాఫేన్ అని ఇంకో పేరు. ఫ్లోరిన్ పట్టుకుంటే మన దోసెల పెనం టెఫ్లాన్‌కి దగ్గర చుట్టం.

కల్తీ అని మధ్యాహ్నం నానా మాటలూ అన్నాను. రాస్తుంటే కాస్త మెత్తబడుతున్నాను. నీళ్ళతో కలవని పొరని స్కూటీకి ఎవడు మాత్రం ఎలా పూస్తాడు? అయినా రెండు వేలు!

ఇంకోటి, ఇందాక గెలిచానన్న మాట వెనక్కి తీసుకోవాలేమో. గ్రాఫైట్‌లో పై పొర కింది పొర మీద సరిగ్గా కూర్చోదు, ఒక గీత పొడవు పక్కకి జరిగి ఉంటుంది. ఇంకో కాగితం మీద అదే ముగ్గు వేసి, రెండూ కలిపి ట్యూబులైటుకి ఎత్తి పట్టి చూశాను. అంచు దాటినవి పోగా, పై ముగ్గులో కార్బన్లు సగం కింది కార్బన్ల నెత్తినే పడ్డాయి. మిగతా సగం వచ్చి నేను వదిలేసిన చుక్కల మీద కూర్చున్నాయి.

కాగితాలు దిండు కింద పెట్టాను. బ్రేకు సంగతి రేపు పొద్దున కాఫీకి ముందే ఎత్తుతాను.