లండన్‌లో నేల టికెట్టు

"గంట నిలబడితే మనకి 10.42 పౌండ్లు ఇస్తారు. నువ్వేమో ఎదురు 8 పౌండ్లిచ్చి రెండు గంటలు నిలబడతానంటున్నావు" అని మా రూమ్మేటు పడీపడీ నవ్వింది. 2023 వేసవి. ఇద్దరం మాస్టర్స్ చదువుతూ, వీసా ఒప్పుకునే 20 గంటలు ఒక సూపర్‌మార్కెట్‌లో పనిచేస్తున్నాం. లెక్క ప్రకారం దాని మాటే కరెక్టు.

నేను వెళ్దామనుకున్నది బీబీసీ ప్రామ్స్‌కి. జూలై మధ్య నుంచి సెప్టెంబరు రెండో వారం దాకా రాయల్ ఆల్బర్ట్ హాల్లో దాదాపు రోజూ కచేరీ ఉంటుంది. ఎక్కువగా వెస్టర్న్ క్లాసికలే కానీ అదొక్కటే కాదు. 2019లో ఒక సాయంత్రం డ్యూక్ ఎలింగ్టన్ జాజ్‌కి, ఒకటి గాయని నీనా సిమోన్‌కి ఇచ్చారు. నేనున్న 2023లో అయితే మొదటి వారాంతంలోనే నార్తర్న్ సోల్ డాన్సు పాటలు, సెప్టెంబరులో గాయకుడు రూఫస్ వెయిన్‌రైట్. మధ్యలో, జూలై 28న, లతా మంగేష్కర్ పాటలు! పలక్ ముచ్చల్ పాడుతుంది, వెనక బర్మింగ్‌హామ్ ఆర్కెస్ట్రా. మా అమ్మకి లత అంటే ప్రాణం. 1955లో 'సంతానం' సినిమాకి ఆవిడ తెలుగులో పాడిన జోలపాటతోనే నన్ను నిద్రపుచ్చేది. అందుకే ముందు దాని మీద పడ్డాను.

కుర్చీ టికెట్లు ముందే అమ్ముతారు. నిలబడి వినే టికెట్లు, వాటిని ప్రామింగ్ అంటారు, అప్పట్లో కచేరీ రోజు ఉదయం పదిన్నరకి ఆన్‌లైన్‌లో తెరిచేవారు. పది గంటల ముప్ఫై నిమిషాలకి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. వెయిటింగ్ పేజీ దాటాను, టికెట్టు ఎంచుకున్నాను, లాగిన్ అడిగింది. నాకసలు అకౌంటే లేదు. అది తెరిచి, ఈమెయిల్ సరిచూసుకుని, కార్డు బయటికి తీసేసరికి టికెట్లు అయిపోయాయి. తత్కాల్ బుకింగ్‌లో ఆరితేరినదాన్నని పేరు నాకు! ఆ సాయంత్రం రేడియోలో విని, అమ్మకి మాత్రం "షిఫ్టు పడిందమ్మా" అని చెప్పాను.

రెండోసారి అకౌంటు, కార్డు వివరాలు ముందు రోజే పెట్టుకున్నాను. రెండు నిమిషాల్లో పనైపోయింది. అరీనా కావాలా, గ్యాలరీ కావాలా అని అడుగుతుంది. ధర ఒకటే. అరీనా అంటే స్టేజీ ముందున్న నేల, గ్యాలరీ అంటే గుమ్మటం కింద ఎక్కడో పైన. తెలియక గ్యాలరీ కొట్టాను.

గ్యాలరీ కూడా తక్కువదేం కాదు. అక్కడ కొందరు చాప లాంటివి పరుచుకుని కళ్ళు మూసుకుని పడుకుని వింటారు. మన శ్రీరామనవమి పందిట్లో ముసలమ్మలు గుర్తొచ్చారు. గుమ్మటానికి పెద్ద పెద్ద పుట్టగొడుగుల్లా ఫైబర్‌గ్లాస్ పళ్ళేలు వేలాడుతుంటాయి. 1871లో కట్టినప్పటి నుంచి ఆ హాల్లో ప్రతిధ్వని బాధ ఉండేదట. తన పాట రెండుసార్లు వినాలంటే బ్రిటిష్ సంగీతకర్తకి అంతకన్నా మంచి చోటు లేదని జోకులేసేవారు. 1969లో ఈ పళ్ళేలు కట్టాక బాగా తగ్గింది. ఆ రోజు పియానో మూత ఎత్తుతుంటే కింద అరీనా జనం "హీవ్" అని అరిచారు, పైనున్న మావాళ్ళు "హో" అన్నారు. ఐలేసా, హైలెస్సా! ఇంత పెద్దమనుషుల సంగీతంలో ఈ అల్లరేమిటా అనుకున్నాను.

అప్పుడే నా పరువూ పోయింది. ఆ పియానో రచనలో మొదటి భాగం అవగానే గట్టిగా చప్పట్లు కొట్టాను. నాతో ఇంకో నలుగురు కొట్టారు, మిగతా హాలంతా నిశ్శబ్దం. మూడు భాగాలూ అయ్యాకే కొట్టాలట. మన కచేరీలో సంగతి నచ్చితే అక్కడికక్కడే "ఆహా" అంటాం, తొడ మీద తాళం వేస్తాం, మృదంగం వాళ్ళ తని ఆవర్తనం రాగానే క్యాంటీన్‌కీ వెళ్తాం. ఇక్కడ దగ్గు వచ్చినా ఆపుకోవాలి. ఇది నాకిప్పటికీ పూర్తిగా నచ్చదు.

ఆగస్టు 27న అరీనా దొరికింది. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాకి సంగీత దర్శకుడిగా సైమన్ రాటిల్‌కి అవి చివరి రోజులు. ఆస్ట్రియా సంగీతకర్త మాలర్ ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన, తొమ్మిదో సింఫనీ. సౌత్ కెన్సింగ్టన్‌లో దిగి నడిచి వెళ్ళేసరికి మెట్ల మీద క్యూ. అక్కడ నంబరు సీట్లు లేవు, ముందొచ్చినవాళ్ళకి ముందు చోటు. నా ముందున్న తాతగారు సీజన్ పాసు మనిషి. మోకాళ్ళు బిగబట్టి నిలబడొద్దని, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ ఉండమని, బ్యాగు భుజానికి కాక పాదాల మధ్య పెట్టుకోమని చెప్పారు. స్టోర్‌లో ఎనిమిది నెలలుగా నిలబడుతున్నా ఇవేవీ నాకెవరూ చెప్పలేదు.

లోపలికి వెళ్ళాక అర్థమైంది. రాటిల్‌కీ నాకూ మధ్య నాలుగు వరసల మనుషులే. ఎన్నో రెట్లు పెట్టి కొన్నవాళ్ళు నా వెనక, పక్కన, పైన కూర్చున్నారు. మా ఊరి టాకీసులో నేల టికెట్టు కొంటే తెర నెత్తిన పడేది, మెడ నొప్పి పుట్టేది. ఇక్కడ నేల టికెట్టుదే అసలు చోటు. 1895లో రాబర్ట్ న్యూమన్, హెన్రీ వుడ్ ఈ కచేరీలు మొదలుపెట్టినప్పుడు నేల మీద నిలబడేవాళ్ళకి ఒక్క షిల్లింగే పెట్టారు. సంగీతం తెలియనివాళ్ళని చవగ్గా రప్పించి, మెల్లగా అలవాటు చేద్దామన్నది న్యూమన్ ఆలోచన. 1941లో బాంబు పడి, కచేరీలు మొదలైన క్వీన్స్ హాలు పోయింది, ఇక్కడికి మారారు, నిలబడే టికెట్లు మాత్రం మానలేదు.

ముందు వాద్యాల్లేకుండా ఫ్రెంచ్ సంగీతకర్త పులాంక్ పాట, పాడింది బీబీసీ సింగర్స్. ఫ్రాన్స్ జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు రాసినది. తర్వాత మాలర్, గంటా ఇరవై నిమిషాల పైనే. రెండో భాగంలో నడుము లాగింది, మూడోదాంట్లో ఎడమ పాదం తిమ్మిరెక్కింది, తాతగారు చెప్పినట్టు బరువు మార్చుకుంటూనే ఉన్నాను. నాలుగోది వచ్చేసరికి పాదాల సంగతి మర్చిపోయాను. మాలర్ ఈ సింఫనీ వినకుండానే 1911లో పోయాడు. చివరి పేజీలో తీగ వాద్యాలు సన్నగిల్లి సన్నగిల్లి, ఆగాయో లేదో తెలియకుండా ఆగుతాయి. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో ఈసారి ఎవరినీ చూడాల్సిన పనిలేకపోయింది. ఎవరూ కొట్టలేదు. అంతమందీ ఊపిరి బిగబట్టి ఉంటే, నేనూ ఉన్నాను.

మర్నాడు బ్యాంక్ హాలిడే. మా స్టోర్‌కి కాదు. పొద్దున్న ఏడింటికి అవే బూట్లేసుకుని బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడ్డాను, బ్యాగు పాదాల మధ్య పెట్టుకుని.