చెన్నై విమానాశ్రయం నుంచి సెంట్రల్‌కి: మెట్రోనా, లోకలా, క్యాబా?

సాయంత్రం ఆరింటికి చెన్నైలో దిగాను. రాత్రి సెంట్రల్ నుంచి నెల్లూరు వైపు రైలు. చేతిలో రెండు పెట్టెలు. మీనంబాక్కం విమానాశ్రయంలో దిగే మన తెలుగువాళ్ళు బండి ఎంచుకునే ముందు చూడాల్సింది ఛార్జీ కాదు, రైలు టికెట్ మీది స్టేషన్ కోడ్. ఎంఏఎస్ అంటే సెంట్రల్, ఎంఎస్ అంటే ఎగ్మోర్, టీబీఎం అంటే తాంబరం. కాకినాడ వెళ్ళే సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎగ్మోర్ మీదుగా వెళ్తుంది, హైదరాబాద్ చార్మినార్ ఎక్స్‌ప్రెస్ తాంబరంలో బయల్దేరుతుంది. ఆ కోడ్ చూసుకోక సెంట్రల్‌కి పరుగెత్తితే రైలు తప్పినట్టే.

నాది ఎంఏఎస్, సామాను బరువు, కాబట్టి మెట్రో ఎక్కాను. టెర్మినల్ నుంచి పైవంతెన మీద వాటంతట అవే కదిలే నడక పట్టీలున్నాయి. పెట్టెలు వాటి మీద నిలబెడితే స్టేషన్ దాకా మోయాల్సిన పని లేదు. సామాను స్కానింగ్ ఉంటుంది, దానికో ఐదు నిమిషాలు వేసుకోండి. సెంట్రల్‌కి టికెట్ నలభై రూపాయలు. ఫోన్‌లో క్యూఆర్ టికెట్ తీసుకుంటే అందులో 20 శాతం తగ్గుతుంది. మెట్రో ఇక్కడే మొదలవుతుంది కాబట్టి సీటు దొరుకుతుంది, పెట్టెలు కాళ్ళ దగ్గరే పెట్టుకోవచ్చు.

ఎక్కాల్సింది విమ్కో నగర్ వైపు వెళ్ళే నీలం లైన్ బండి. ఆలందూర్‌లో పచ్చ లైన్ కలుస్తుంది. అదీ సెంట్రల్‌కే వెళ్తుంది గానీ కోయంబేడు, అన్నా నగర్ చుట్టి వెళ్తుంది. ఆలందూర్‌లో జనం దిగుతున్నారని మీరూ దిగకండి. లిటిల్ మౌంట్ దాటాక బండి నేల కిందికి దిగి, సెంట్రల్ దాకా సొరంగంలోనే వెళ్తుంది. ప్రయాణం సుమారు 40 నిమిషాలు. విమానాశ్రయం గుమ్మం నుంచి రైలు ప్లాట్‌ఫాం దాకా గంటా పావు పెట్టుకుంటే నిశ్చింత.

ఒక్క బ్యాగే ఉంటే మాత్రం నా ఓటు లోకల్ రైలుకే. విమానాశ్రయం ముందున్న జీఎస్‌టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డుకి అవతల తిరుశూలం స్టేషన్. సబ్‌వే మెట్లు దిగి ఎక్కాలి, అందుకే పెట్టెలతో కష్టం. టికెట్ పది రూపాయలకు మించదు. చెన్నై బీచ్ స్టేషన్ వైపు బండి ఎక్కితే గిండీ, మాంబళం మీదుగా ఎగ్మోర్, ఆ తర్వాతిదే పార్క్ స్టేషన్. సెంట్రల్ వెళ్ళేవాళ్ళు పార్క్‌లో దిగి రోడ్డు దాటితే చాలు. బండి ఆగేది అర నిమిషమే, ఎగ్మోర్ రాగానే లేచి తలుపు దగ్గరికి చేరండి. పొద్దున ఎనిమిది నుంచి పది దాకా మాత్రం సామానుతో లోకల్ జోలికి పోవద్దు. తాంబరం వెళ్ళాలంటే ఇదే లోకల్‌ని ఎదురు వైపు ఎక్కాలి, అక్కడికి మెట్రో లేదు.

పసిపిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే క్యాబే మేలు. యాప్ క్యాబులు గుమ్మం ముందుకి రావు, కార్ పార్కింగ్ భవనం దాకా నడవాలి. సాయంత్రాలు, వాన రోజుల్లో కత్తిపారా కూడలి, గిండీ దగ్గర ట్రాఫిక్‌లో ఎంతసేపు ఆగుతారో చెప్పలేం. రైలు టైము దగ్గరపడితే అందుకే క్యాబు వద్దంటాను. రాత్రి పదకొండు దాటితే మెట్రో ఉండదు, అప్పుడు ప్రీపెయిడ్ టాక్సీ కౌంటర్‌కి వెళ్ళి రసీదు తీసుకుని ఎక్కండి.