కరెంటు పోయిన రాత్రి

నాకు సోకినది మామూలు మందులకు లొంగని మొండి క్షయ అని 2014లో కళ్లె పరీక్షలో తేలినప్పుడు, రెండేళ్లు మందులు మింగాలన్న మాటకే కుంగిపోయాను గాని, వాటితో పాటు కనీసం ఆరు నెలలు వేయించుకోవలసిన కనామైసిన్ సూది గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఒంగోలు దగ్గర మా ఊరి ఉపకేంద్రంలో ఆదివారం తప్ప రోజూ 750 మిల్లీగ్రాములు వేసేవారు. మూడో నెలకు దగ్గు తగ్గి, ఆకలి పుట్టింది.

నాలుగో నెలలో ఒక రాత్రి కీచురాళ్ల రొదకు మెలకువ వచ్చింది. ఫ్యాను చప్పుడేమో అనుకున్నాను. కాసేపటికి కరెంటు పోయి ఫ్యాను ఆగింది, రొద ఆగలేదు. కిటికీ మూశాను. అరచేతులతో చెవులు మూసుకుంటే అది మరింత దగ్గరైంది. మా వారిని లేపి, మీకు వినిపిస్తోందా అని అడిగాను. చీకట్లో ఆయన ఏదో బదులిచ్చారు, గొంతు వినిపించింది గాని మాటలు విడివడలేదు. టార్చి వేసి ముఖం చూశాక గాని, "ఏమీ లేదు, పడుకో" అంటున్నారని తెలియలేదు. తెల్లవారాక చూరు కింద పిచ్చుకలు నోళ్లు తెరుస్తూ కనిపించాయి. వాటి కూత లేదు. నేను తెలుగు పంతులమ్మను. బడిలో పిల్లల గొంతులు కూడా ఇలాగే పోతాయా అని ఆ పొద్దున వణికిపోయాను.

పెద్దాసుపత్రిలో డాక్టరు గారికి ఇదంతా చెబితే, కాగితాల మీద నుంచి తల ఎత్తకుండా, "ప్రాణం కావాలా, చెవులు కావాలా అమ్మా?" అన్నారు. ఆ రోజుల్లో మొండి క్షయకు ఇంతకన్నా మంచి మందు ఆయన చేతిలో లేదని ఒప్పుకుంటాను. ఆ చికిత్సే నన్ను బతికించింది. కానీ ఆ ప్రశ్న న్యాయమైనది కాదు. కనామైసిన్ లోపలి చెవిలో సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలను పట్టే రోమకణాలను ముందు చంపుతుంది. మాటలు అందకుండా పోయే దశ ఆ తరువాత వస్తుంది. మొదటి సూదికి ముందొకసారి, ఆపైన నెలనెలా వినికిడి పరీక్ష చేసి ఉంటే ఆ నష్టం నాకన్నా ముందు కాగితం మీద కనిపించేది, మందు మార్చే వ్యవధి ఉండేది. నాకు ఒక్కసారీ చేయలేదు.

ఆ గదిలోనే ఉన్న హౌస్ సర్జన్ అమ్మాయి మా వెనకే వరండాలోకి వచ్చి ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష రాసింది. హెచ్చు స్థాయి శబ్దాలుండే 4000 హెర్ట్జ్ దగ్గర గీత నిట్టనిలువునా పడిపోయింది. కనామైసిన్ ఆపి, పాస్ అనే మరో క్షయ మందు గుళికలు మొదలుపెట్టారు. ఆ అమ్మాయి చల్లగా ఉండాలి. ఉగాది నాడు కూడా ఇంటికి వచ్చి సూది వేసి, నా వేపపూవు పచ్చడి తిని వెళ్లిన ఏఎన్ఎం గారి మీద నాకు ఇసుమంత కోపం లేదు. ఆమెకూ ఎవరూ చెప్పలేదు.

చచ్చిన రోమకణాలు మనిషికి మళ్లీ మొలవవు. 2016లో క్షయ పూర్తిగా నయమైంది, తిరుమల మొక్కు తీర్చుకున్నాను, చెవికి యంత్రం పెట్టుకున్నాను. తరగతిలో అచ్చులు అందుతాయి. స, ష, త, క జారిపోతాయి. పిల్లవాడు తల అన్నాడో, కల అన్నాడో పెదవులూ నాలుకా చూసి గ్రహిస్తాను.

ఇంట్లో ఎవరికైనా కనామైసిన్ కుటుంబానికే చెందిన స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ వంటి సూదులు రాస్తే, కిడ్నీల పనితీరు చూశారా అని, వినికిడి పరీక్ష ఎప్పుడని అడగండి. తల్లివైపు వారెవరికైనా సూదులతో చెవుడు వచ్చి ఉంటే ముందే చెప్పండి, ఎందుకంటే తల్లి నుంచి సంక్రమించే ఒక జన్యులోపం ఉన్నవారికి కొద్ది మోతాదే ప్రమాదం. చెవిలో రొద మొదలైతే తెల్లవారేదాకా ఆగినా, మరుసటి సూది దాకా ఆగవద్దు.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొండి క్షయకు కనామైసిన్ వాడవద్దని చెప్పింది. ఇప్పుడు బెడాక్విలిన్ ఉన్న మాత్రలు ఇస్తున్నారు. మా బడిలో ఒక పిల్ల తండ్రికి ఈ మధ్య అదే జబ్బు వస్తే వెళ్లి చూశాను. మందుల సంచీ నా ముందు బోర్లించాడు. అందులో సూదిమందు సీసా లేదు.