ఖాళీ జాబితాకు అర్థం రాయడం

పోయిన నెల మా టీంలో కుర్రాడు చాట్‌లో మెసేజ్ పెట్టాడు. "అక్కా, కొత్త టూల్ ఒకటి చేశాను. రెండు లైన్ల డాక్యుమెంటేషన్ రాసిపెట్టవా? పేరు చూస్తేనే అర్థమైపోతుందిలే." టూల్ పేరు లిస్ట్ ప్రాక్సీస్. ప్రాక్సీ అంటే మన బదులు సైట్‌ని అడిగే మధ్యవర్తి కంప్యూటర్, అది ఏ దేశంలో ఉంటే మనం అక్కడి నుంచి వచ్చినట్టు సైట్‌కి కనిపిస్తుంది. తను అప్పటికే ఒక లైన్ రాసి ఉంచాడు: "ప్రాక్సీల జాబితా ఇస్తుంది."

పదకొండేళ్లుగా మాన్యువల్స్ రాస్తున్నాను. మొదట ప్రింటర్లకి, తర్వాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి. వాటిని చదివేది మనిషి. అర్థం కాకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి తిడతాడు. ఆ తిట్లు తిరిగి తిరిగి నా దగ్గరికొస్తాయి, నేను దిద్దుకుంటాను. ఇప్పుడు చదివేది ఏఐ ఏజెంట్, అంటే అప్పగించిన పనిని టూల్స్ వాడుకుంటూ తనంతట తానే చేసే ప్రోగ్రాం. అది తిట్టదు, అడగదు. తెలియనిచోట తనకి తోచింది వేసుకుని ముందుకెళ్లిపోతుంది.

మా ఏజెంట్ పని చిన్నదే. ఒక టికెట్ల సైట్ వేరే దేశాల నుంచి ఎలా కనిపిస్తుందో బ్రౌజర్ తెరిచి చూడాలి. జర్మనీ నుంచి తెరిస్తే ధర యూరోల్లో వస్తోందా, కుకీల అనుమతి అడుగుతోందా, అంతే. దానికి జర్మనీలో ఉన్న ప్రాక్సీ గుండా వెళ్లాలి. మా టూల్స్ అన్నీ ఎంసీపీ పద్ధతిలో ఉంటాయి, అంటే ఏఐకి బయటి టూల్స్ కలపడానికి 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ కంపెనీ బయటపెట్టిన ప్రోటోకాల్. మా దగ్గర టూల్ గురించి ఏజెంట్‌కి అందేది దాని పేరు, ఒక వివరణ, ఏ ఇన్‌పుట్ ఇవ్వాలో చెప్పే స్కీమా. కోడ్ కనిపించదు. కాబట్టి ఆ వివరణలో లేనిది దానికి లేనట్టే.

ఆ ఒక్క లైన్‌తోనే ట్రయల్ వేశాం. ఏజెంట్ ముందు బ్రౌజర్ తెరిచింది, తర్వాత జాబితా అడిగింది, అందులో జర్మనీ ప్రాక్సీ కనిపించగానే తాను జర్మనీలో ఉన్నాననుకుంది. "జర్మనీ నుంచి పరిశీలించాను, ధర రూపాయల్లో ఉంది, ఇది లోపం" అని రిపోర్ట్ ఇచ్చింది. మెనూ చదివి కడుపు నిండిందన్నట్టు! లోపల బ్రౌజర్‌ని నడిపేది ప్లేరైట్ అనే సాఫ్ట్‌వేర్. అందులో ప్రాక్సీని బ్రౌజర్ మొదలుపెట్టేటప్పుడో, కొత్త కాంటెక్స్ట్ (అదే బ్రౌజర్‌లో విడిగా నడిచే సెషన్) తెరిచేటప్పుడో ఇవ్వాలి, మధ్యలో తగిలించడం కుదరదు. అందుకని నేను రాసిన మొదటి వాక్యం, ఈ టూల్ చూపిస్తుందే గాని మార్చదు అని. రెండోది, బ్రౌజర్ తెరవకముందే దీన్ని పిలవాలి అని.

తర్వాతి తప్పు మాత్రం నాదే. చూడ్డానికి నిండుగా ఉంటుందని వివరణలో ఒక ఉదాహరణ పెట్టాను: 203.0.113.10, పోర్ట్ 8080. ఆ వరుసలోని చిరునామాలు డాక్యుమెంటేషన్ కోసమే పక్కన పెట్టినవి, ఎవరివీ కావు, కాబట్టి ప్రమాదం లేదనుకున్నాను. ఒకరోజు జాబితా ఖాళీగా వచ్చింది. ఏజెంట్ నా ఉదాహరణని తీసుకుని, నిజం ప్రాక్సీ అనుకుని మూడుసార్లు ప్రయత్నించి, ముప్పై సెకన్ల చొప్పున ఆగి, "సైట్ పనిచేయడం లేదు" అని తేల్చేసింది. ఆ సాయంత్రం సైట్ వాళ్లకి పడిన టెన్షన్ నా ఖాతాలోదే.

అసలు జాబితా ఎందుకు ఖాళీ అయిందో చూస్తే, ఏజెంట్ బ్రిటన్ కోసం యూకే అని పంపింది. ఐఎస్ఓ దేశాల కోడ్‌లలో బ్రిటన్‌ది జీబీ. అంటే ఖాళీకి రెండు అర్థాలు: ప్రాక్సీ లేకపోవడం, అడగడం తప్పుగా అడగడం. రెండింటికీ ఒకే జత ఖాళీ బ్రాకెట్లు పంపితే ఎవరికి మాత్రం తెలుస్తుంది? కుర్రాడితో పట్టుబట్టి, తప్పు కోడ్ వస్తే ఎర్రర్, నిజంగా లేకపోతే ఒక పూర్తి వాక్యం వచ్చేట్టు చేయించాను: ఈ దేశానికి ప్రాక్సీ లేదు, చిరునామా ఊహించవద్దు, ప్రాక్సీ లేకుండా నేరుగా వెళ్లవద్దు, వాడుకరికి చెప్పి ఆగాలి. ఇంగ్లీషులో రాశాను కాబట్టి బతికిపోయాను. తెలుగులో అయితే "ఆగు" అనాలో "ఆగండి" అనాలో తేల్చుకోవడానికే ఇంకో రోజు పట్టేది.

పాస్‌వర్డ్‌ల దగ్గర కాస్త గట్టిగానే గొడవపడ్డాం. మొదటి వెర్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో సహా మొత్తం చిరునామా ఇచ్చేసేది. అది మోడల్ కాంటెక్స్ట్‌లోకి, అంటే ఏఐ చదివే పాఠంలోకి, అక్కడి నుంచి జరిగినవన్నీ నమోదయ్యే లాగ్‌లోకి వెళ్తుంది. "లోపలి టూలే కదా అక్కా" అన్నాడు. నేను లాగ్ తెరిచి పాస్‌వర్డ్ చదివి వినిపించాను. ఇప్పుడు ఐడీ, దేశం, రకం మాత్రమే వస్తాయి, మిగతాది బ్రౌజర్ తెరిచేటప్పుడు సర్వర్ కలుపుతుంది.

ఇంకొక వాక్యం నా అంతట నేనే చేర్చాను, ఎవరూ అడగలేదు. ఒక ట్రయల్‌లో వేరే సైట్ 403, అంటే లోపలికి అనుమతి లేదన్న కోడ్ ఇస్తే, ఏజెంట్ జాబితాలో ఒక్కో ప్రాక్సీ మార్చుకుంటూ లోపలికి దూరాలని చూసింది. తలుపు వేసుకున్న ఇంటి చుట్టూ తిరిగి కిటికీలు లాగి చూసే పని అది. 407 వస్తే ప్రాక్సీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోందని అర్థం, అది మేం సరిచేసుకుంటాం. 403 వస్తే ఇంకో ప్రాక్సీ ఎంచుకోకుండా ఆగిపోవాలి అని రాశాను.

మొత్తం పద్నాలుగు లైన్లయింది. కుర్రాడు చూసి నవ్వే బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. నిన్న మళ్లీ మెసేజ్ పెట్టాడు, ఇంకో కొత్త టూల్ అట. వివరణ తనే రాశాడు: "ప్రాక్సీ మారుస్తుంది."