రోకలి పొన్ను, నా దవడ పన్ను

కింద కుడిదిక్కు దవడ పన్నుకు 2023 దసరా ముందు రూట్ కెనాల్ చేయించుకుని క్యాప్ పెట్టిచ్చుకున్న. ఏడాది తిరగకముందే ఆ క్యాప్ నాలుగుసార్లు ఊడింది. నాలెక్కనే తిప్పలు పడేటోళ్లు ఉంటారని పూసగుచ్చినట్టు రాస్తున్న, నాకు ఇదంతా ముందే ఎవరన్నా చెప్తే ఎంత బాగుండేదో.

మొదటిసారి 2024 సంక్రాంతికి. పరకాలకు అమ్మోళ్లింటికి పోయినం, పొద్దున చాయ్ తాగుకుంట సకినం కొరికితే కటుక్కుమన్నది, సకినం ముక్కే అనుకుని నమిలితే ఇనుమసొంటిది తగిలింది, తీసి చూస్తే క్యాప్. అమ్మ మొఖం చిన్నగ చేసుకుని "ఈసారి జర గట్టిగైనయేమో బిడ్డా" అని రెండు రోజులు అదే మాట. క్యాప్ పెట్టిన క్లినిక్‌కే తీసుకపోతే పది నిమిషాల్ల కడిగి, సిమెంట్ పెట్టి అతికిచ్చి, గట్టివి తినొద్దని చెప్పి పంపిండ్రు.

రెండోసారి మేడారం. ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జాతర, గద్దెల కాడ మొక్కు చెల్లిచ్చి వచ్చేటప్పుడు బస్సుల అందరం బంగారం పంచుకుని తిన్నం (బెల్లమే, మేడారంల బంగారమనే అంటరు). పస్రా దాటినంక బెల్లం ముక్కకు అతుక్కుని క్యాప్ మొత్తానికి బయటికొచ్చింది. కొంగుకు ముడేసుకుని హన్మకొండ దాకా తెచ్చుకున్న. మల్లా అదే క్లినిక్, అదే సిమెంట్, ఈసారి "జిగటవి కూడా తినొద్దు" అన్నరు. నేను నమ్మిన. సకినాలు బంద్, బెల్లం బంద్, మటన్ తింటే ఎడమదిక్కే నమిలేది.

మూడోసారి జూన్ల, ఇడ్లీ తింటుంటే ఊడింది. ఇడ్లీ! అప్పుడు గానీ నాకు అనుమానం రాలే. ఇన్ని రోజులు తప్పు నా తిండిదని ఇంట్ల అందరు అన్నరు, నేను కూడా అదే అనుకున్న, మరి ఇడ్లీకి ఊడిందంటే తిండికి సంబంధమేంది? అయినా మల్లా అతికిచ్చుకున్న, ఇంకేం చేయాల్నో తెల్వక.

నాలుగోది రాత్రి నిద్రల. మెలకువొచ్చేసరికి క్యాప్ నాలుక మీద ఉన్నది. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతది, ఎందుకంటే మింగితే మామూలుగ కడుపుల నుంచి వెళ్లిపోతదట గానీ శ్వాసలకు పోతే ఊపిరితిత్తులల్ల చిక్కుకుంటది, ఆపరేషన్ల దాకా పోతది. క్యాప్ కొంచెం కదిలినట్టనిపించినా దాన్ని నోట్లో పెట్టుకుని పడుకోకుండ్రి. తమ్ముడైతే పొద్దుగాల ఫెవిక్విక్ తీసిండు, నేను ముట్టనియ్యలే. అది నోట్లో పెట్టేది కాదు, చిగురు కాలుతది, పైగా లోపల గట్టిపడితే క్యాప్ మల్లా సరిగ్గ కూసోదు. నీళ్లతోని కడిగి చిన్న డబ్బల వేసి దాచిపెట్టిన. డాక్టర్ దగ్గరికి పోవుడు కూడా ఆలస్యం చేయొద్దు, ఎందుకంటే పక్క పండ్లు మెల్లగ ఆ సందులకు జరుగుతయి, అప్పుడు పాత క్యాప్ పట్టదు.

ఈసారి హన్మకొండలనే వేరే డాక్టర్ మేడం దగ్గరికి పోయిన. ఆమె నా నోరు చూడకముందు క్యాప్‌ను తిప్పి లోపల చూసింది. సిమెంట్ క్యాప్‌కు అంటుకుని వచ్చిందా, పన్ను మీదనే మిగిలిందా, పన్ను ముక్క ఏమన్నా విరిగి దాంట్లనే ఉన్నదా అని. ఎక్స్‌రే తీసి కింద పుచ్చు లేదన్నది. తర్వాత అద్దం పెట్టి పన్ను ఫొటో తీసి నా ముందు పెట్టింది. అన్ని నెలల్ల నా పన్ను నేను చూసుడు అదే మొదటిసారి. నాలుకదిక్కు పన్ను చిగురుకు సమానంగ ఉన్నది, మిగిలిన దిక్కులు కూడా 2 మిల్లీమీటర్లు ఉంటదేమో, అది కూడా గుడి గోపురం లెక్క పైకి సన్నగయ్యి ఉన్నది. దవడ పన్నుకు కనీసం 4 మిల్లీమీటర్ల ఎత్తు కావాల్నట, చుట్టూ గోడలు దాదాపు నిటారుగ ఉండాల్నట. "క్యాప్‌ను పట్టుకునేది పన్నమ్మా, సిమెంట్ సందు నింపుతదంతే" అన్నది. చిగురు మీద చుట్టూరా ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల గట్టి పన్ను ఉండి క్యాప్ అంచు దాన్ని బిగిచ్చి పట్టుకోవాలె, దాన్ని ఫెర్రూల్ అంటరు అని చెప్పింది.

సాయంత్రం అమ్మకు ఫోన్ల ఇదంతా చెప్తుంటే అమ్మ మధ్యల ఆపి "రోకలికి పొన్ను లెక్కనా?" అన్నది. నిజంగ అదే! మా తాత ఉన్నప్పుడు కారం దంచే రోకలి కట్టె అరిగి పొన్ను (రోకలి కొసకు తొడిగే ఇనుప కట్టు) ఊడొస్తుండె, తాత గుడ్డపేలికలు చుట్టి కొట్టేటోడు, నాలుగు రోజులు ఆగి మల్లా ఊడేది. చివరికి వడ్లాయన (వడ్రంగి) వచ్చి కొంచెం పైదాకా కట్టెను కొత్తగ చెక్కి పొన్ను ఎక్కిస్తేనే నిలిచింది. నాకు మూడుసార్లు పెట్టిన సిమెంట్ తాత చుట్టిన గుడ్డపేలికలే.

మేడం చేసింది కూడా వడ్లాయన పనే. ఆగస్టు ఆఖరుకు పన్ను చుట్టూ చిగురు, కింద కొంచెం ఎముక తీసి పన్నును పైకి కనిపించేటట్టు చేసింది, దీన్ని క్రౌన్ లెంగ్తనింగ్ అంటరు. మత్తు సూది ఇచ్చినంక నొప్పి తెల్వలే గానీ తర్వాత మూడు రోజులు దవడ వాచింది. వారానికి కుట్లు తీసింది. చిగురు కుదురుకోవడానికి రెండు నెలలు ఆగుదాం, తొందరపడితే అంచు సరిగ్గ రాదు అన్నది, అందుకే దసరా అంతా టెంపరరీ క్యాప్‌తోనే, దాని సిమెంట్‌ది లవంగం నూనె వాసన. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుండం కాడ అందరు సద్దులు పంచుకుంటుంటే నేను పెరుగన్నం, మలీద తిన్న, అదే సంతోషమనిపిచ్చింది.

నవంబర్ల కొత్త కొలతలు తీసి జిర్కోనియా (గట్టి పింగాణిసొంటిది) క్యాప్ పెట్టింది. అతికిచ్చేటప్పుడు ఉమ్మి తగలకుండ దూది పెట్టి ఎంత ఓపికగ చేసిందో, పాత క్లినిక్‌ల పది నిమిషాల పని ఇక్కడ ముప్పావు గంట పట్టింది. నీలం కాగితం కొరికిచ్చి ఎత్తు తగిలిన కాడ రుద్దింది. రాత్రిపూట పండ్లు నూరుతున్నని కూడా అప్పుడే తెలిసింది (మా ఆయనను అడిగితే "అవును, సప్పుడొస్తది" అన్నడు, ముందే చెప్పొచ్చు కదా!), అందుకే పడుకునేటప్పుడు పండ్లకు తొడుక్కోవడానికి గార్డ్ చేసిచ్చింది. ఫ్లాస్ చేసినంక దారాన్ని పైకి గుంజొద్దు, పక్కకు లాగాలె అని చూపిచ్చింది.

నెల దాటింది, కదల్లే. నిన్న అమ్మ ఫోన్ చేసి సంక్రాంతి సకినాలు నీకోసం మెత్తగ చేయాల్నా అనడిగింది. ఎప్పటిలెక్కనే చెయ్యి, నువ్వులు జర ఎక్కువెయ్యి అన్న.