సువార్త చెప్పడం నేర్చుకున్న ఏడాది

బాప్తిస్మం తీసుకున్నాక ఆరేళ్ల పాటు నేను ఒక్క మనిషికి కూడా సువార్త చెప్పలేదు. ఆ తర్వాత మొదటిసారి నోరు తెరిచి చెప్పిన మనిషికి తప్పు చెప్పాను. దాన్ని దిద్దుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

నాది కర్నూలు. మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల మండీలో గుమాస్తాగా పనిచేస్తాను. మా మండీలో ఒక హమాలీ ఉన్నాడు. వయసులో నాకంటే పెద్ద, మామా అని పిలుస్తాను. రెండు కిడ్నీలూ పాడై వారానికి రెండుసార్లు పెద్దాసుపత్రిలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. బస్తాలు మోయలేడు కాబట్టి సంచులు కుట్టే పని ఇచ్చారు. ఒకరోజు టీ కొట్టు దగ్గర చేతి మీద సూదులు పొడిచిన చోటు చూపించి, "ఇంకెన్నాళ్లో నాయనా ఇది" అన్నాడు. నాకు కడుపులో దేవినట్టయింది. "ప్రభువును నమ్ముకో మామా. ఆయన ముట్టుకుంటే ఈ సూదులతో పనే ఉండదు. మూడు ఆదివారాలు మా చర్చికి రా, నీకే తెలుస్తుంది" అన్నాను.

మోసం చేయాలని చెప్పిన మాట కాదు. దేవుడు తమ జీవితంలో ఏం చేశాడో చర్చిలో విశ్వాసులు చెప్పే సాక్ష్యాలు విని విని, సువార్త అంటే ఇలాగే చెప్పాలనుకున్నాను. మామ మూడు ఆదివారాలూ వచ్చాడు. వెనక బెంచీలో కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. మూడో ఆదివారం తర్వాత వరుసగా రెండు డయాలసిస్‌లు మానేశాడు. నాకు చెప్పలేదు. ఒంట్లో నీరు చేరి, ఊపిరాడక, అర్ధరాత్రి ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయారు.

బతికాడు. మర్నాడు నేను వెళ్లేసరికి అత్త వార్డు బయట నేల మీద కూర్చుని ఉంది. నన్ను తిట్టలేదు. "నువ్వు మానుకోమని చెప్పలేదులే నాయనా. ఆయనకు అట్లా వినిపించింది" అంది. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ సాయంత్రం బుధవారపేటలో ఉండే మా సంఘ పెద్ద దగ్గరికి పోయాను. ఆయన రిటైరైన టీచర్, అందరం మాష్టారు అంటాం. 2009 అక్టోబరు వరదలో ఆయన ఇల్లు మునిగి పుస్తకాలన్నీ పోయాయి. బైబిలు ఒక్కటి మిగిలింది. దాని పేజీలు ఇప్పటికీ బురద రంగులోనే ఉంటాయి. నేను ఏడుస్తూ అంతా చెప్పాను. ఆయన ఓదార్చలేదు. "బాగవుతుందని ఏ వాక్యం చూసి మాట ఇచ్చినావు?" అని అడిగారు.

యేసు చేసిన స్వస్థతలు నాలుగైదు చెప్పాను. ఆయన అన్నీ విని, రెండో తిమోతి చివరి అధ్యాయం తెరిచి ఇరవయ్యో వచనం మీద వేలు పెట్టారు. తన సహచరుడు త్రోఫిము రోగిగా ఉంటే అతన్ని మిలేతు ఊళ్లో విడిచి వచ్చానని అపొస్తలుడు పౌలు రాసిన మాట అది. అంతకుముందు ఎన్నోసార్లు చదివాను కానీ ఆ వచనం మీద నా కన్ను ఎప్పుడూ ఆగలేదు. "పౌలుకు విశ్వాసం తక్కువైందా?" అన్నారు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నా తీయలేదు, కృప చాలని మాత్రమే జవాబు వచ్చింది. ఆ భాగం కూడా చదివించారు. "దేవుడు బాగుచేయగలడు. అడుగుదాం, రోజూ అడుగుదాం. ఆయన ఇవ్వని మాటను ఆయన పేరు మీద నువ్వు ఇవ్వొద్దు" అని, "గురువారం సాయంత్రం రా" అన్నారు.

అలా మొదలైంది. మేము నలుగురం. నేను, ఒక ఆటో అన్న, నర్సింగ్ చదివే ఒక చెల్లి, డిగ్రీ చదివే ఒక తమ్ముడు. శిష్యత్వ తరగతి అంటే నోట్సులు, పరీక్ష, సర్టిఫికెట్ ఉంటాయనుకున్నాను. అవేవీ లేవు. మార్కు సువార్త వారానికి ఒక అధ్యాయం చదివేవాళ్లం. మార్కులో పదహారు అధ్యాయాలే ఉన్నా, మధ్యలో పండుగలు, నా మండీ సీజను అడ్డొచ్చి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ ఎవరికీ బోధ చేయొద్దని మాష్టారు గట్టిగా చెప్పారు. అయితే ప్రతివారం ఒక మనిషి కష్టం పూర్తిగా విని రావాలి. మధ్యలో సలహా ఇవ్వకూడదు, వాక్యం చెప్పకూడదు. వినడం మాత్రమే.

నాకు అన్నిటికంటే కష్టమైంది అదే. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే నా నోటికి జవాబు ముందే వచ్చేసేది. రెండు నెలల తర్వాత గానీ తెలియలేదు, నేను ఎవరి మాటా చివరిదాకా విన్నవాణ్ణి కానని. మామ ఆ రోజు టీ కొట్టు దగ్గర అడిగింది స్వస్థత గురించి కాదేమో. తాను పోతే కూతురి పెళ్లి ఎట్లా అన్నది ఆయన భయం. అప్పుడు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తెలిసేది.

పదో అధ్యాయం దగ్గర మేము మూడు వారాలు ఆగిపోయాం. ధనవంతుడైన ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చి, నిత్యజీవం కావాలంటే ఏం చేయాలని యేసును అడుగుతాడు. యేసు అతన్ని చూసి ప్రేమించాడని అక్కడ రాసి ఉంది. ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి, వచ్చి నన్ను వెంబడించు అంటాడు. అతను మొహం చిన్నబుచ్చుకుని దుఃఖంతో వెళ్లిపోతాడు. మాష్టారు అడిగారు: "యేసు వెనక్కి పిలిచినాడా? సరే, సగమే ఇవ్వు అన్నాడా?" అనలేదు. ప్రేమించాడు, షరతు మాత్రం తగ్గించలేదు, పోతుంటే పోనిచ్చాడు. మామను చర్చికి రప్పించడానికి నేనేం చేశానో ఆ రోజు బాగా అర్థమైంది. ఆయన రాకుండా పోతాడేమోనన్న భయంతో యేసు చెప్పని ధర ఒకటి నేనే చెప్పాను.

ఆ వారమే మాష్టారు ధాత కరువు సంగతి చెప్పారు. 1876 నుంచి 1878 దాకా మన సీమను, మొత్తం మద్రాసు రాజధానిని ఊడ్చిన కరువు అది. అప్పట్లో ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగినా కరువు సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు. గంజి కోసం నమ్మారన్న మాట రాకూడదని, వాళ్ల నమ్మకం నిజమో కాదో వాళ్లకే తెలియాలని ఆగాడు. కరువు తీరి, సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ దగ్గర 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను చాలామంది గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం దానికి ముందు ఆయన ఆగిన నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. నేను మూడు ఆదివారాలు కూడా ఆగలేకపోయాను.

మార్కు అయిపోయాక, మా సాక్ష్యం మూడు నిమిషాల్లో చెప్పేలా రాసుకు రమ్మన్నారు. నేను రాసినదాంట్లో పెద్ద తాగుబోతుగా ఉండి మారినట్టు ఉంది. మాష్టారు చదివి, "నిజంగా అంత తాగినావా?" అన్నారు. లేదు. పెళ్లిళ్లలో ఎప్పుడైనా తాగేవాణ్ణి, అంతే. మరి ఎందుకు రాశావంటే జవాబు లేదు. అట్లా అయితేనే వినేవాళ్లకు బాగుంటుందనిపించింది. దేవుని పేరుతో చెప్పే మాటలో అబద్ధం కలిపానన్న ధ్యాసే నాకు లేదు. "నువ్వు నిజంగా దేన్నించి మారినావో అది రాయి" అని కాగితం వెనక్కి ఇచ్చారు.

అది రాయడానికి నెల పట్టింది. బాప్తిస్మానికి ముందు నేను వేరే మండీలో పనిచేసేవాణ్ణి. రైతుకు ఇచ్చే పట్టీలో, అంటే సరుకు లెక్కల చీటీలో, బస్తాకు రెండు కిలోల తరుగు రాయాల్సిన చోట నాలుగు రాసేవాణ్ణి. రాయమని చెప్పేది పైవాళ్లే అయినా రాసే చెయ్యి నాది, దానికి నాకు పండుగకు బోనస్ అందేది. బాప్తిస్మం తీసుకున్న నెలలో అక్కడ మానేసి, తక్కువ జీతానికి ఇప్పుడున్న చోట చేరాను. ఇది ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. మాష్టారికి చూపిస్తే, "ఇదే నీ సాక్ష్యం" అన్నారు. కాసేపాగి, "జక్కయ్య ఇచ్చినాడు, నువ్వు ఇచ్చినావా?" అని అడిగారు. అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానని యేసుతో అన్న పన్ను వసూలుదారు జక్కయ్య.

ఎంతమందికి ఇవ్వాలో లెక్క లేదు. అందరినీ వెతకడం నా వల్ల కాదు. ఊరూ పేరూ గుర్తున్న రైతులు ఇద్దరే. నాకు తోచినట్టు లెక్కకట్టి, దానికి రెండింతలు పట్టుకుని ఒక ఆదివారం మధ్యాహ్నం కోడుమూరు వైపు బండి వేసుకుని పోయాను. ఆ రైతు డబ్బు లెక్కపెట్టుకుని, "ఇన్నేళ్లకు గుర్తొచ్చిందా" అని లోపలికి పోయాడు. అంతకంటే ఒక్క మాట లేదు. ఆయనకు ఆ కోపం ఉండే హక్కుంది. గోనెగండ్ల దగ్గర రెండో రైతు మంచం వాల్చి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చాడు. చాలాసేపు నన్నే చూసి, "ఎవరూ అడక్కుండా ఎందుకు తెచ్చినావప్పా?" అన్నాడు.

నా జీవితంలో మొదటిసారి ఒక మనిషి అడిగితే సువార్త చెప్పాను. నేను చేసిన దొంగతనం దేవుని ఎదుట పాపమని, అలాంటి నా పాపాల కోసమే క్రీస్తు చనిపోయి, సమాధి చేయబడి, మూడో రోజు లేచాడని నమ్ముతున్నానని చెప్పాను. పది నిమిషాలు పట్టిందేమో. చేలు పండుతాయని గానీ, అప్పులు తీరతాయని గానీ అనలేదు. ఆయన, "మాకు మా దేవుడున్నాడులే. కానీ నువ్వు చేసింది మంచిపని" అన్నాడు. తర్వాత వాన గురించి మాట్లాడుకున్నాం. తిరిగి వస్తుంటే ఒళ్లంతా తేలికైంది. ఆయన నమ్మలేదన్న బాధ ఉంది, ఇప్పటికీ ఆయన కోసం ప్రార్థన చేస్తాను. కానీ చెప్పినదాంట్లో నేను దాచుకోవాల్సిన మాట ఒక్కటీ లేదు.

మా నలుగురిలో డిగ్రీ తమ్ముడు ఎస్సీ కుటుంబం వాడు. బాప్తిస్మం కావాలన్నప్పుడు మాష్టారు వాళ్ల నాన్ననూ పిలిపించి కుల సర్టిఫికెట్ సంగతి విప్పి చెప్పారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు కూడా వచ్చింది. క్రైస్తవులకు రాలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ-సి కిందికి వస్తారు. ఈ చట్టం దళిత క్రైస్తవులకు అన్యాయం చేస్తోందనే నేను నమ్ముతాను. అయినా ఆ సంగతి దాచిపెట్టి నీళ్లలో ముంచడం అంతకంటే అన్యాయం. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసే అన్నాడు. తమ్ముడు ఇంకా ఆలోచిస్తున్నాడు. గురువారాలు మాత్రం మానలేదు. ఎవరూ తొందరపెట్టడం లేదు.

ఇక మామ దగ్గరికి పోవడం. అన్నిటికంటే ముందు చేయాల్సిన ఆ పనిని అన్నిటికంటే ఆలస్యంగా చేశాను. ఇంటికి పోయి అత్త ముందరే, "మామా, దేవుడు అనని మాట ఆయన అన్నట్టు నీకు చెప్పినాను. తప్పయింది, క్షమించు" అన్నాను. మామ నా భుజం తట్టి, "పోనీలే నాయనా, నామీద ప్రేమతోనే కదా" అన్నాడు. అత్త మాత్రం, "అయితే శుక్రవారం నువ్వు తోలుకపో ఆసుపత్రికి. నాకు కూలి పోతాంది" అంది. అప్పటినుంచి శుక్రవారం డ్యూటీ నాది. మండీలో చెప్పి రెండు గంటలు ముందు బయటపడతాను, మిగతాది ఆదివారం లెక్కలు రాసి సరిచేస్తాను.

మొదటి రెండు నెలలు నేను దేవుని మాట ఎత్తలేదు. ఒక శుక్రవారం మామే, "ఆ పుస్తకం తెచ్చుకో, వంతు వచ్చేదాకా చదువు, పొద్దుపోతుంది" అన్నాడు. మార్కు మొదటినుంచి మొదలుపెట్టాం. ఆయన నమ్మానని ఇంతవరకు చెప్పలేదు, నేను అడగలేదు. పోయిన శుక్రవారం పదో అధ్యాయం అయింది. మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ డబ్బున్నాయప్ప మళ్లా వచ్చినాడా?" అని అడిగాడు.

"రాయలేదు మామా."

"పోతాంటే తిట్టినాడా ఆయన?"

"లేదు. ప్రేమించినాడని ఉంది."

ఇంకేదో అడగబోయాడు, ఇంతలో లోపలినుంచి సిస్టర్ పేరు పిలిచింది. భుజం మీది టవలు తీసి నా చేతికిచ్చి లోపలికి పోయాడు. నాలుగు గంటలు పడుతుంది. నేను బెంచీ మీద కూర్చుని పదకొండో అధ్యాయం తీసి పెట్టుకున్నాను.